ఎర్రగుడ్డ కట్టిన దోసకాయలు

మొన్న శనివారం పెరుగూ కరివేపాకూ తెమ్మని మా ఆవిడ పంపిస్తే, సిడ్నీ శివారు కెల్లీవిల్‌లో మా ఇంటికి దగ్గర్లో ఉన్న ఇండియన్ షాపుకి వెళ్ళాను. కూరల దగ్గర కాళ్ళు ఆగిపోయాయి. బెండకాయలకీ దొండకాయలకీ మధ్య ఒక నీలం ట్రేలో దోసకాయలు. గుండ్రంగా, పసుపురంగులో, ఒంటి మీద ఆకుపచ్చ చారలతో, ఒక్కోదాని నెత్తిన ఒక్కో స్టిక్కరు అంటించుకుని, స్కూలు ఫోటోకి నిలబడ్డ పిల్లల్లా వరసగా కూర్చుని ఉన్నాయి. ఒకటి తీసి తొడిమ దగ్గర వాసన చూశాను. కౌంటరు వెనక అమ్మాయి, "ఫ్రెష్షే అంకుల్, ఈ రోజే వచ్చాయి" అంది. ఆ పిల్ల ఏమీ అనుకోలేదు. మా వయసు వాళ్ళు కూరగాయల్ని గిల్లడం, చెవి దగ్గర పెట్టుకుని ఊపడం రోజూ చూస్తూనే ఉంటుంది. నేను పెరుగు మరిచిపోయి, సంచీ నిండా దోసకాయలతో ఇంటికి చేరాను. మా ఆవిడ సంచీలోకి చూసి, నన్ను చూసి, ఒక కాయని చేతుల్లోకి తీసుకుని తనూ తొడిమ దగ్గర వాసన చూసింది. ఇద్దరికీ ఒకే మనిషి గుర్తొచ్చిందని చెప్పుకోనక్కర్లేకపోయింది.

ఆ మనిషి మా అత్తయ్య. మా నాన్నకి సొంత చెల్లెలు. ఆవిడ కూతుర్నే నేను చేసుకున్నాను కాబట్టి అత్తగారు కూడా ఆవిడే. ఈ రెండు చుట్టరికాల వల్ల ఆవిడకి ఒక సౌకర్యం ఉండేది. నలుగురిలో "అల్లుడుగారూ, కాఫీ తీసుకోండి" అనేది. నలుగురూ వెళ్ళిపోగానే "ఒరేయ్, ఆ కప్పు కడుగు" అనేది. ఊరు నరసాపురం దగ్గర. మాది చర్చి కుటుంబం, ఆవిడ ఆదివారం పాటలకి గొంతు ఇచ్చేది, మిగిలిన రోజులు పెరటికి ఇచ్చేది. ఎనభైల ఆఖర్లో మా అమ్మాయి పుట్టినప్పుడు, మా ఆవిడ ఆసుపత్రి నర్సు ఉద్యోగానికి తిరిగి వెళ్ళాలి గనక, పిల్లని చూసుకోవడానికి సిడ్నీ వచ్చింది. పారమట్టాలో మేమున్నది రెండో అంతస్తు యూనిట్, మన ఫ్లాటు లాంటిది. ఆవిడ వచ్చిన మర్నాడే బాల్కనీలోకి వెళ్ళి కిందకి చూసి, "నేల ఎక్కడుందిరా?" అని అడిగింది. కింద ఉన్నది కార్లు పెట్టుకునే సిమెంటు.

ఆ నేల వెతికిపెట్టింది మా ఆవిడే. రైలు కట్ట వెనక కౌన్సిల్ వాళ్ళ, అంటే ఇక్కడి మునిసిపాలిటీ వాళ్ళ, ఖాళీ జాగా ఒకటి ఉండేది. దాన్ని చిన్న చిన్న ప్లాట్లు చేసి, పెరడు లేని వాళ్ళకి కూరలు పండించుకోమని ఇచ్చేవారు. తోటవాళ్ళే ఒక కమిటీగా ఏర్పడి, గేటు దగ్గర బోర్డు మీద నియమాలు రాసిపెట్టారు. ముఖ్యమైనవి రెండు. పండిపోయిన కాయ తీగ మీదగానీ నేల మీదగానీ ఉంచకూడదు, ఎందుకంటే పండు ఈగ చేరి తోటంతా పాడుచేస్తుంది. పట్టించుకోకుండా వదిలేసిన ప్లాటు వరసలో ఉన్న తర్వాతివాళ్ళకి పోతుంది. అత్తయ్య ఆ బోర్డు ముందు చేతులు కట్టుకుని నిలబడి నాచేత చదివించుకుని, "మంచిదే" అని లోపలికి నడిచింది. నాలుగు మంచాలు పట్టేంత చోటు. నేను ఆఫీసులో మాత్రం మాకు ఆస్ట్రేలియాలో పొలం ఉందని చెప్పుకున్నాను. కొన్నాళ్ళకి అది ఎకరాలయింది. ఊరికి రాసిన ఉత్తరాల్లో ట్రాక్టరు కూడా కొన్నాను.

ఇక విత్తనం. బ్రిస్బేన్‌లో సన్నీబ్యాంక్ అనే పేటలో మా నాన్నతో కలిసి చదువుకున్న ఒక డాక్టరుగారు ఉండేవారు. మా అందరికంటే చాలా ముందు ఈ దేశం వచ్చిన మనిషి. ఆయన భార్య పెరట్లో ఏటేటా దోసపాదు పెట్టేదట. ఆవిడ పోయాక ఇల్లు అమ్మి చిన్న యూనిట్‌లోకి మారుతూ, ఆఖరి కాయల గింజలు పొట్లం కట్టి మాకు పోస్టు చేశారు. ఆ సాయంత్రం ఫోన్ చేసి అత్తయ్యతో మాట్లాడారు. "చెల్లెమ్మా, నా దగ్గర ఇంక లేవు. ఈ దేశంలో వేరే ఎవరి దగ్గరైనా ఉన్నాయో లేదో నాకు తెలీదు. మా ఆవిడ చేతి విత్తనం. కాయలు మీరే తినండి, విత్తనం మాత్రం నిలపండి." అత్తయ్య ఫోన్ పట్టుకునే లేచి నిలబడి, "ఆయ్, నిలుపుతానన్నయ్యగారూ" అంది. ఆవిడ మాట ఇచ్చిందంటే ఇంట్లో మా అందరి తరఫునా ఇచ్చినట్టే.

అప్పుడు జూన్ నెల. ఇక్కడ చలికాలం నడుం బిగించి నిలబడే నెల. అత్తయ్య వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టి, మృగశిర కార్తె వచ్చేసింది, దోసగింజ పెట్టాలి అంది. మా ఇంట్లో ప్రార్థన లేకుండా పలుగు ఎత్తేవాళ్ళు కాదు, కార్తె చూడకుండా గింజ వేసేవాళ్ళూ కాదు. పాస్టరుగారు ఒకసారి దీని గురించి అడిగితే, కార్తెలు రైతులవి, ప్రార్థన అందరిదీ అని చెప్పి పంపించిందట. ఇక్కడ కాలాలు తిరగబడి ఉంటాయని మా ఆవిడ చెప్పింది. నేను మా అమ్మాయి బంతిని తిప్పి భూగోళం చూపించాను. "ఎండా వానా మీ ఇష్టవొచ్చినట్టు మార్చుకున్నారేమో గానీ, మృగశిర మృగశిరే" అంది. సగం గింజలు తడిగుడ్డలో మూటకట్టి హీటరు పక్కన పెట్టి మొలకలు రప్పించింది. వాటిని తీసుకెళ్ళి మడిలో నాటింది. మూడో పొద్దున మంచు పడింది. మడి పక్కన మేం మరిచిపోయిన చెంబులో నీళ్ళు గడ్డకట్టాయి. అందులో చిక్కుకున్న నత్త ఒకటి అద్దాల బీరువాలో బొమ్మలా మమ్మల్ని చూస్తోంది. నత్త నేను కలిపింది, చెంబు మాత్రం నిజం. మొలకలు ఉడికించిన పాలకూరలా నేలకి అంటుకుపోయాయి.

అత్తయ్య కొన్నాళ్ళు బాల్కనీలో పిల్లని ఒళ్ళో పెట్టుకుని సూర్యుడు ఏ మేడ మీదుగా దిగుతున్నాడో చూస్తూ కూర్చుంది. చివరికి ఒక సాయంత్రం, "ఒరేయ్, ఈ ఊళ్ళో కార్తెలు బోర్లాపడ్డాయిరా" అని ప్రకటించింది. అన్నిటినీ ఆరు నెలలు జరిపేసింది. మన రోహిణి ఇక్కడ నవంబరు చివర్లో వస్తుందని తేల్చింది. మిగిలిన పొట్లం బియ్యం డబ్బాలోకి వెళ్ళింది.

నవంబరు దాకా ఊరికే కూర్చునే మనిషి కాదు. చలికాలంలో మెంతికూర వేసింది, ముల్లంగి వేసింది. ఈ దేశంలో ఎరువు లేదని గొడవపెడితే, గుర్రాలశాల ఒకటి వెతికి, లద్దె బస్తాలు కారు వెనక వేసుకుని తెచ్చాను. ఆ వారం మా కార్లో లిఫ్టు ఎక్కిన ఆఫీసు వాళ్ళు మళ్ళీ ఎక్కలేదు. పక్క ప్లాటు మాల్టా అనే దీవి నుంచి వచ్చిన ఒక పెద్దాయనది. అత్తయ్యకి ఇంగ్లీషు రాదు, ఆయన ఇంగ్లీషు నాకు సరిగ్గా అర్థమయ్యేది కాదు. అయినా వాళ్ళిద్దరికీ మొదటి రోజు నుంచే బాగానే కుదిరింది. ఆయన ఈవిడని "మిస్సస్" అనేవాడు, ఈవిడ ఆయన్ని "మాల్టా ఆయన" అనేది. కలుపు అంటే ఆయనకి పగ. ఆయన మడిలో కలుపు మొక్క మొలవాలంటే ముందు దరఖాస్తు పెట్టుకోవాలని నేను అందరికీ చెప్పేవాణ్ణి.

అందుకే జరిగింది ఆ గొడవ. ఆయనకి జలుబు చేసి ఒక వారం రాలేదు. ఆయన మడి చివర వరసగా బూడిదరంగు ఆకుల ముళ్ళమొక్కలు, మన బ్రహ్మదండికి అన్నల్లా, పెరిగి కనిపించాయి. పాపం మనిషి మంచాన పడితే కలుపు ఎంత ఎక్కిపోయిందో అనుకుని, అత్తయ్య చేతులకి గుడ్డ చుట్టుకుని, ఒక పూటంతా కూర్చుని, వేళ్ళతో సహా పీకి, శుభ్రంగా కుప్పవేసి వచ్చింది. ఇంటికి వచ్చి, ఆయన చూస్తే ఎంత సంతోషిస్తాడో అని కూడా అంది. ఆదివారం చర్చి నుంచి అటే వెళ్ళాం. ఆయన ఆ కుప్ప ముందు నిలబడి ఉన్నాడు. తరువాత ఆయన అరిచిన అరుపులకి రైలు ఆగి చూసి వెళ్ళిందంటే మా ఆవిడ ఒప్పుకోదు గానీ, కట్ట మీద ఆ సమయానికి ఒక రైలు నెమ్మదించిన మాట వాస్తవం. అవి ఆర్టిచోకులు. ఆయన వాళ్ళ ఊరి నుంచి వచ్చిన బంధువుల దగ్గర పిలకలు తెచ్చి పెట్టుకున్నవి. వసంతంలో దాని మొగ్గ ఉడకబెట్టి, రేకు రేకూ పీక్కుని, పళ్ళతో గీరుకుని తింటారని నేను వివరిస్తే, అత్తయ్య చాలాసేపు నమ్మలేదు. నమ్మాక తల దించుకుంది. మర్నాడు స్టీలు డబ్బాలో సున్నుండలు పెట్టి నాచేత పంపింది. డబ్బా కడిగి, లోపల ఒక నిమ్మకాయ పెట్టి తిరిగి ఇచ్చాడు. మాట మాత్రం లేదు. ఆ చలికాలం గడిచింది, వసంతం కూడా గడిచింది, రెండు మడుల మధ్య పలకరింపు లేదు.

నవంబరు చివర మిగిలిన గింజల్లో కొన్ని పెట్టింది. మొలిచాయి. మొలిచిన మర్నాడే నత్తలు మేసేశాయి. ఇక పొట్లం దులిపి, ఉన్నవన్నీ పెట్టింది. చుట్టూ బూడిద చల్లింది. ఈ లోపల మడి అంచున ఒక బండరాయి కింద నీలం నాలుక బల్లి ఒకటి కాపురం పెట్టింది. అత్తయ్య దాన్ని మొదటిసారి చూసినప్పుడు ఉడుము అని కేకవేసి, నన్ను ముందుకి తోసింది. అది నత్తల్ని తింటుందని కమిటీ వాళ్ళు చెప్పాక దానికి రోజూ ఒక మూతలో నీళ్ళు పెట్టేది. అదీ బూడిదా కలిసి మూడు మొక్కల్ని కాపాడాయి. క్రిస్మస్ ఎండలకి తీగలు సాగాయి. సన్నీబ్యాంక్ డాక్టరుగారు ఆదివారం ఆదివారం ఫోన్ చేసేవారు. ఆయన మా ఆరోగ్యాలు అడిగేవారు కాదు. పూత వచ్చిందా, పిందె పడిందా, అంతే. పిందెలకి ఈగ పట్టకుండా అత్తయ్య నా పాత సాక్సులు తొడిగింది. ఆ జనవరిలో మా దోసపిందెలు నాకంటే మంచి సాక్సులు వేసుకున్నాయి. తొక్క గట్టిపడ్డాక వాటిని విప్పేసి, ఎండ తగలనిచ్చింది. ఈగల వాటా పోగా నాలుగైదు కాయలు నిలిచాయి. అవి పసుపురంగు తిరుగుతుంటే నాకు నోట్లో నీళ్ళూరేవి. పప్పులోకి ఒక్కటంటే ఒక్కటి కోద్దామన్నాను.

"ఈ ఏడు తినడానికి కాదు. అన్నీ గింజకే" అంది. పాత చీర అంచు చింపి, ప్రతి కాయ తొడిమకీ ఒక ఎర్ర పీలిక కట్టింది. మా ఊళ్ళో విత్తనానికి వదిలిన కాయకి అలా గుడ్డ కడతారు, ఎవరూ పొరపాటున కొయ్యకుండా. పైగా ఆ గింజలు దాచడానికి ఆవుపేడ కావాలంది. గింజల్ని పేడలో కలిపి పిడకలా గోడకి కొడితే పురుగు పట్టదట. ఈ కెల్లీవిల్ అప్పట్లో ఆవులు మేసే బయలు. ఒక ఆదివారం వచ్చి, కంచె దగ్గర రైతుని బకెట్టు పేడ అడిగాను. గులాబీలకా అన్నాడు. కాదు, గోడకి అన్నాను. ఆయన ఇంక ఏమీ అడగలేదు. యూనిట్ గోడకి కొడితే ఇల్లు ఖాళీ చేయిస్తారని మా ఆవిడ బతిమాలితే, చివరికి కేకు చేసే రేకు వెనక్కి తిప్పి దాని మీద కొట్టడానికి రాజీ కుదిరింది. పేడ బకెట్టు మూతవేసి బాల్కనీలో సిద్ధంగా ఉంది. కాయలు ఇంకొన్ని రోజులు తీగ మీద ముదరాలి.

అప్పుడు మా అమ్మాయికి ఆటలమ్మ పోసింది. అత్తయ్య ఆ వారమంతా పిల్ల పక్కనుంచి కదల్లేదు. పిల్ల తేరుకున్నాక శనివారం పొద్దున్నే ఇద్దరం తోటకి వెళ్ళాం. గేటు దగ్గర మాల్టా ఆయన మాకోసమే చూస్తున్నట్టు నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూడగానే చెయ్యి ఊపాడు. నెలల తరబడి మొహం తిప్పుకున్న మనిషి ముందు నడుస్తూ మా మడి దాకా తీసుకెళ్ళి, "ఆల్ క్లీన్, మిస్సస్" అన్నాడు, రెండు చేతులూ చాచి.

మడి అద్దంలా ఉంది. గొప్పు తవ్వి ఉంది. తీగల కింద ఎండుటాకు కూడా లేదు. తీగల మీద కాయలు కూడా లేవు.

ఆయన నాకు చెప్పుకుంటూ పోయాడు. ఆ వారం కమిటీ తనిఖీ వచ్చిందట. మేం రాలేదు, తీగ మీదేమో కీరాలు పండిపోయి పసుపెక్కి ఉన్నాయి. ఆయన దేశంలో కీర పసుపెక్కిందంటే పాడైపోయినట్టే. మేం ఎర్రగుడ్డ కూడా కట్టామట. ఆయన పద్ధతిలో ఎర్రగుడ్డ కట్టిన మొక్క తెగులు పట్టింది, పీకెయ్యాల్సింది అని గుర్తు. పాపం పిల్లకి ఒంట్లో బాగాలేదేమో, వీళ్ళు రాలేకపోయారు, ఈ కాయలు చూస్తే ప్లాటు తీసేస్తారు అని, తనిఖీ వాళ్ళు వచ్చేలోపల అన్నీ కోసి కంపోస్టు కుప్పలో వేసి, నడుం విరిగేలా మడంతా బాగుచేశాడు. అత్తయ్య నా భుజం తట్టి, "ఏవంటున్నాడు?" అని అడిగింది. జీవితంలో నాకు కథ అల్లడం చేతకాని సమయం అదొక్కటే. ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

ఆవిడ తీగల వంక చూసింది. ఆయన మొహంలోకి చూసింది. ఆ మొహం నిండా సంతోషమే ఉంది. "థాంక్యూ" అంది. ఆవిడకి వచ్చిన ఇంగ్లీషు అంతే. తరువాత వెళ్ళి బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, కొంగు ఒళ్ళో సర్దుకుని, రైలు కట్ట వైపు చూడసాగింది.

ఆయన నావైపు తిరిగి ఏమైందన్నాడు. ఆ కాయ పసుపెక్కితేనే కాయ అని, ఆ గుడ్డ ఎందుకు కట్టారో, అవి ఎవరి చేతి విత్తనమో, ఇంక పొట్లంలో ఒక్క గింజ కూడా లేదని చెప్పాను. ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. కంపోస్టు కుప్ప దగ్గరికి వెళ్ళి పలుగుపార తీసుకున్నాడు. తోటవాళ్ళందరూ గడ్డీ గాదమూ వేసే కుప్ప, నా కంటే ఎత్తు. తనిఖీ నాడే దాన్ని తిరగేశారు. లోపల తవ్వుతుంటే పొగలు వస్తున్నాయి, చెయ్యి పెడితే కాలుతోంది. నేనూ చెయ్యి వేశాను. టీ పొడీ, గుడ్డు పెంకులూ, కుళ్ళిన క్యాబేజీ ఆకులూ. మధ్యాహ్నానికి ఒక ఎర్ర పీలిక దొరికింది. దానికి ఏమీ అంటుకుని లేదు. ఆయన ఆగలేదు. ఎండ నెత్తిమీదకి వచ్చింది, ఆయన చొక్కా వీపుకి అతుక్కుపోయింది. ఎప్పుడు లేచి వచ్చిందో, అత్తయ్య మా వెనక నిలబడి ఉంది.

"ఆపమనరా. వయసైన మనిషి, నడుం పట్టేస్తుంది" అంది. "నేను పీకింది ఆయన మొక్క. ఆయన కోసింది నా కాయ. చెప్పు, సరిపోయిందని."

చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. సరిపోలేదని ఆయన ఉద్దేశం.

ఆ ఆదివారం ఫోన్ మోగితే అత్తయ్య వంటింట్లోంచి రాలేదు. అమ్మ పడుకుందండీ అంకుల్, అని మా ఆవిడ చెప్పింది. తరువాతి ఆదివారం స్నానం చేస్తోంది. అలా కొన్ని ఆదివారాలు గడిచాక ఒకరోజు తనే నంబరు కలపమని, నిలబడి, జరిగిందంతా దాచకుండా చెప్పింది. అవతల డాక్టరుగారు "పోనీలే చెల్లెమ్మా" అన్నారట. ఆయన తిట్టినా బాగుండేది. ఆ "పోనీలే" ఆవిడ కంచంలో కూర్చుంది, పక్కమీద కూర్చుంది, నాలుగు నెలలు ఇంట్లో మాతోపాటు కాపురం చేసింది. పేడ బకెట్టు బాల్కనీలోనే ఎండిపోయింది. అత్తయ్య తోట మానలేదు. ఎప్పటిలా మెంతికూరా ముల్లంగీ వేసింది. ఆయన మళ్ళీ తెచ్చుకున్న ఆర్టిచోకు పిలకలకి నీళ్ళు కూడా పోసేది, దూరం నుంచి, చెయ్యి తగలకుండా. ఆవిడ తిరుగు ప్రయాణం క్రిస్మస్‌కి ముందు అని ఖాయం చేసుకున్నాం.

సెప్టెంబరులో కంపోస్టు కుప్ప మాగింది. అందరూ తలా కొంత బండిలో వేసుకుని మడుల్లో చల్లుకున్నారు. కుప్ప ఎరువులో ప్రతి ఏడూ తెలియని మొలకలు లేస్తాయి. టొమాటోలు, గుమ్మళ్ళు, ఎవరో తిని పారేసిన పుచ్చగింజలు. అవన్నీ కలుపే, అందరూ పీకేస్తారు. ఆ ఏడు నేను చూసిన వింత ఏమిటంటే, తోట మొత్తానికి మాల్టా ఆయన మడి ఒక్కటే అడవిలా పెరిగిపోయింది. ఆర్టిచోకుల మధ్య గడ్డి. గడ్డి మధ్య ఏవేవో మొలకలు. ఆయన రోజూ వస్తున్నాడు, బకెట్టు మీద కూర్చుంటున్నాడు, దేన్నీ ముట్టుకోవడం లేదు. ముసలితనం వచ్చిందన్నారు కొందరు. కమిటీ వాళ్ళు మర్యాదగా ఒకసారి, కొంచెం తక్కువ మర్యాదగా ఇంకోసారి హెచ్చరించారు. వచ్చే వారంలోగా బాగుచెయ్యకపోతే ప్లాటు పోతుందన్నారు. ఆయన ప్లాటు పోవడం అంటే, బిషప్పుగారిని చర్చిలోంచి పంపెయ్యడం లాంటిది.

ఆ వారం మేం వెళ్ళేసరికి ఆయన గేటు దగ్గరే పట్టుకున్నాడు. నాతో కాదు, తిన్నగా అత్తయ్యతోనే మాట్లాడాడు. "మిస్సస్, యూ లుక్. విచ్ వన్ యువర్స్?" అన్నాడు. తరువాత నాకు వివరించాడు. తన ఎరువులో వచ్చిన మొలకల్లో ఏది ఈవిడదో, ఏది కాదో తనకి తెలియదు. అందుకని దేన్నీ పీకలేదు. చూసి చెబితే మిగతావి పీకుతాడు.

అత్తయ్య చెప్పులు గట్టున విడిచి, చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, ఆ గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుంది. ఒక్కో మొలక దగ్గర ఆగి, ఆకుని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని చూసింది. "గుమ్మడి" అంది. ఇంకో మొక్క దగ్గరికి జరిగి, "ఇదీ గుమ్మడే. ఆకు దళసరి." ఆయన వెనకే వంగి నడుస్తూ, ఆవిడ కాదన్న ప్రతి మొక్కనీ పీకి పక్కన పెడుతున్నాడు. ఒక వరస అయింది. రెండో వరస అయింది. ఎండ ఎక్కుతోంది. ఇంటికి పోదామని నేను అనబోతుండగా ఆవిడ చెయ్యి ఒకచోట ఆగిపోయింది. ఆర్టిచోకు ఆకు నీడలో, వేలెడంత మొలక. గుండ్రంగా, చిన్నగా, మెత్తటి నూగుతో ఒక ఆకు, ఇంకా విచ్చుకోని ఇంకో ఆకు. అత్తయ్య దాన్ని పట్టుకోలేదు. మొహం దగ్గరగా పెట్టి, అలా ఉండిపోయింది.

"యువర్స్?" అన్నాడాయన, గుసగుసగా.

ఆవిడ తల ఊపింది. ఆయన వెంటనే చేతిపార తీసి, జాగ్రత్తగా పెళ్ళగించి మా మడిలోకి మార్చబోయాడు. అత్తయ్య ఆయన మణికట్టు పట్టుకుంది. మా అత్తయ్య పరాయి మగవాడి చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి, అదే ఆఖరిసారి. "వద్దని చెప్పరా. దోస వేరు కదిపితే బతకదు. ఇక్కడే ఉండాలి. ఆయన మడిలోనే పెరగాలి." నేను తర్జుమా చేశాను. ఆయన ఆ మొలకకేసీ, తన ఆర్టిచోకుకేసీ చూసుకున్నాడు. ఆ తీగ పాకితే ఏమవుతుందో ఆయనకి తెలుసు. లేచి, ఆ ఆర్టిచోకుని తనే మొదలంటా నరికేశాడు, తీగకి చోటు కావాలని. తన టోపీ తీసి, ఒక కర్రకి తగిలించి, మొలకకి నీడ పడేలా పాతాడు. బట్టతల మీద ఎండతో ఇంటికి వెళ్ళాడు.

అత్తయ్య ప్రయాణం ఫిబ్రవరికి మార్చుకుంది. ఆ ఆదివారం ఫోన్ మోగకముందే తనే సన్నీబ్యాంక్‌కి నంబరు కలపమంది. "మొలిచిందండీ అన్నయ్యగారూ" అని మాత్రం అని, ఫోన్ నా చేతిలో పెట్టింది. ఎక్కడ అని అడిగారాయన. మాల్టా ఆయన మడిలో అన్నాను. ఏ జిల్లా అని అడిగారు, నవ్వుతూ, లేక ఏడుస్తూ, ఫోన్లో సరిగ్గా తెలియలేదు.

ఆ వేసవికి కాసిన కాయల గింజలు సన్నీబ్యాంక్ వెళ్ళాయి, కొన్ని మాల్టా ఆయన కూతురి పెరట్లోకి వెళ్ళాయి, చర్చిలో అడిగినవాళ్ళకి అడిగినట్టు వెళ్ళాయి. ఇప్పుడు షాపుల్లో దొరుకుతున్న దోసకాయలన్నీ ఆ ఒక్క మొలక సంతానమేనని నేను చెబుతూ ఉంటాను. మా ఆవిడ నమ్మదు, మీరూ నమ్మనక్కర్లేదు. అత్తయ్య లేదు, డాక్టరుగారు లేరు, ఆ పెద్దాయనా లేడు, ఆ జాగాలో ఇప్పుడు కార్లు నిలబెడుతున్నారు. ఆ తరువాత ఎన్ని దోసకాయలు తిన్నామో, వాటి రుచులన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. ఏళ్ళు కూడా అలాగే ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, ఏది ముందో ఏది వెనకో తెలియకుండా గడిచిపోయాయి. ఆవిడ చెయ్యి ఒక మొలక దగ్గర ఆగిపోయి, ఇద్దరు పెద్దవాళ్ళు ఊపిరి బిగబట్టి వంగి చూసిన ఆ కాస్త సేపు మాత్రం, నాకు ఇంకా గడిచిపోలేదు.